సూపర్‌కారుతో మొదటి ట్రాక్ డే: బండికి ఏం చేయించాలి, ఎలా నడపాలి?

మీరు అడిగింది ఇదీ: లంబోర్గినీ హురకాన్ తరహా మిడ్-ఇంజిన్ (ఇంజిన్ సీట్లకీ వెనక చక్రాలకీ మధ్య ఉండే) సూపర్‌కారు, ఇనుముకి బదులు కార్బన్ సిరామిక్ డిస్కులున్న బ్రేకులు, ఇప్పటిదాకా రోడ్డు మీద తప్ప నడపలేదు. మొదటిసారి ట్రాక్ డేకి, అంటే సొంత బండిని రేస్ ట్రాక్ మీద నడపనిచ్చే రోజుకి, తీసుకెళ్తున్నారు. ముందుగా బండికి ఏం చేయించాలి, ట్రాక్షన్ కంట్రోల్ (చక్రాలు పట్టు తప్పి తిరగకుండా చూసే ఎలక్ట్రానిక్స్) ఆపేయాలా, వరసగా ఎన్ని ల్యాపులు కొట్టొచ్చు?

ముందు సూటిగా చెప్పేస్తాను. బ్రేక్ ఆయిల్ మార్పించండి. టైర్ల వయసు చూడండి. ఎలక్ట్రానిక్స్ ఏవీ ఆపకండి. ఒక్కో సెషన్‌లో గట్టిగా నడిపే ల్యాపులు నాలుగైదు దాటనివ్వకండి. మొదటి రెండు సెషన్లు పక్క సీట్లో ఇన్‌స్ట్రక్టర్ ఉండాలి. ఇంజిన్‌కి, ఎగ్జాస్ట్‌కి, సస్పెన్షన్‌కి కొత్తగా ఏమీ బిగించనక్కర్లేదు. ఎవరైనా బిగించమంటే మొదటి ట్రాక్ డే అయ్యాక చూద్దామనండి. ఈ బళ్లలో పవర్ చాలకపోవడమనే సమస్యే ఉండదు. పుట్టే వేడిని ఎక్కడ, ఎంతసేపు భరించగలవన్నదే ప్రశ్న.

ఆ వేడి ఎంతో ఒకసారి లెక్కేద్దాం. డ్రైవరుతో కలిపి బండి 1,550 కిలోలు అనుకోండి. గంటకు 100 కిలోమీటర్ల వేగం నుంచి పూర్తిగా ఆపితే బ్రేకుల మీద పడే శక్తి సుమారు 0.6 మెగాజౌళ్లు. ట్రాక్ మీద పొడవైన స్ట్రెయిట్ చివర 250 నుంచి 90కి తగ్గిస్తే అది సుమారు 3.25 మెగాజౌళ్లు. బండి ఆగనే లేదు, అయినా వేడి ఐదు రెట్లకు పైనే. పైగా అది చల్లారేలోపు తర్వాతి మలుపు వచ్చేస్తుంది. రోడ్డు మీద ఎంత హుషారుగా నడిపేవారికైనా ఈ స్థాయి అనుభవంలోకి రాదు. అందుకే రోడ్డు మీద బ్రహ్మాండంగా పట్టే బ్రేకులు ట్రాక్ మీద మూడో ల్యాపులోనే మెత్తబడటం చూస్తుంటాం.

బ్రేక్ ఆయిల్. "నావి సిరామిక్ డిస్కులు కదా, వేడికి భయం లేదు" అనేది చాలామందికి ఉన్న అపోహ. డిస్కుకి భయం లేదు, నిజమే. కానీ ఆ వేడి డిస్కుని పట్టే ప్యాడ్ గుండా, ప్యాడ్‌ని నొక్కే కాలిపర్ పిస్టన్ల గుండా ఆయిల్‌కి చేరుతుంది, అది డిస్కు దేనితో చేసిందో చూడదు. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమని పీల్చుకుంటుంది. బ్రేక్ ఆయిళ్లకున్న డాట్ 4 అనే ప్రమాణం ప్రకారం కొత్త ఆయిల్ కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదు. అందులో 3.7 శాతం నీరు చేరితే ఆ కనీస హద్దు 155 డిగ్రీలకు పడిపోతుంది. మరిగితే ఆవిరి బుడగలు వస్తాయి, బుడగలు నొక్కుకుపోతాయి, పెడల్ నేలకి దిగిపోతుంది. కొంచెంకొంచెంగా దిగడం కూడా కాదు, ఒక మలుపు దగ్గర గట్టిగా ఉన్న పెడల్ తర్వాతి మలుపు దగ్గర ఉండదు.

కాబట్టి ట్రాక్ డేకి ముందు నెలలోపు, రేసింగ్ కోసం చేసిన, కొత్తగా ఉన్నప్పుడు 300 డిగ్రీలు దాటినా మరగని గ్లైకాల్ ఆయిల్ పోయించండి. మోతుల్ ఆర్‌బీఎఫ్ 600, ఆర్‌బీఎఫ్ 660, క్యాస్ట్రాల్ రియాక్ట్ ఎస్ఆర్ఎఫ్ ఎక్కువమంది వాడేవి. ఏడాదికి ఒకటి రెండుసార్లే ట్రాక్‌కి వెళ్లేవారికి ఎస్ఆర్ఎఫ్ నయం, తేమ చేరినా దాని మరుగు స్థానం అంతగా పడిపోదు. సీలు విప్పి చాన్నాళ్లయిన డబ్బాలోది పోయించకండి. పేరు చూసి డాట్ 5 కొనకండి, అది సిలికాన్ రకం, వీటితో కలవకూడదు. డాట్ 5.1 మాత్రం గ్లైకాల్ రకమే. ఇంకో సంగతి: నాలుగు చక్రాల దగ్గర బ్లీడ్ చేసి (పాత ఆయిల్‌ని, గాలి బుడగల్ని బయటికి తీసి) వదిలేస్తే ఏబీఎస్ యూనిట్ లోపల పాత ఆయిల్ మిగిలిపోవచ్చు. స్కాన్ టూల్ పెట్టి ఏబీఎస్ వాల్వులని ఆడిస్తూ బ్లీడ్ చేయమని మెకానిక్‌కి ముందే చెప్పండి.

ప్యాడ్లు, డిస్కులు. ప్యాడ్ మందం సగానికన్నా తక్కువుంటే కొత్తవి వేయించుకునే వెళ్లండి. పలచటి ప్యాడ్ వేడిని ఆపలేదు, నేరుగా ఆయిల్‌కి పంపిస్తుంది. ఇనుప డిస్కుల ప్యాడ్లు సిరామిక్ డిస్కులకి వేయకూడదు, అటుది ఇటూ పనికిరాదు. సిరామిక్ డిస్కు అరుగుదలని మందంతో కాక బరువుతో కొలుస్తారు. కనీస బరువు డిస్కు మధ్య గిన్నె మీద ముద్రించి ఉంటుంది. వరసగా విపరీతమైన వేడి తగిలితే పైపొరలోని కార్బన్ పీచు కాలిపోతుంది, ఉపరితలం గరుకుగా, మచ్చలు మచ్చలుగా కనబడుతుంది. అలాంటి మచ్చలు కనబడితే కొలతలు తీయించకుండా ట్రాక్ మీదికి వెళ్లొద్దు. చక్రం విప్పేటప్పుడు రిమ్ వచ్చి డిస్కు అంచుకి కొట్టుకుంటే అంచు పెచ్చు లేస్తుంది, కాబట్టి గైడ్ పిన్నులు పెట్టి విప్పేవాళ్ల చేతికే బండి ఇవ్వండి. సిరామిక్ డిస్కులు ఇలా షెడ్డులోనూ పాడవుతుంటాయి.

ట్రాక్‌కి ఇనుప డిస్కులు బిగించుకునేవాళ్లు ఉన్నారు. నెలనెలా వెళ్లేవారికి ఆ లెక్క సరిపోతుంది. మీకు ఇప్పుడే అవసరం లేదు.

టైర్లు. సూపర్‌కార్లు ఎక్కువ రోజులు కవరు కిందే గడుపుతాయి. అందుకే గాడి నిండా ఉన్న టైరు వయసు ఆరేడేళ్లు ఉండటం వీటిలో మామూలే. టైరు పక్క గోడ మీద DOT అనే అక్షరాలతో మొదలయ్యే కోడ్ చివర నాలుగంకెలు చూడండి. 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైంది. అయిదేళ్లు దాటిన టైరుతో నేనైతే ట్రాక్ మీదికి వెళ్లమని చెప్పను, రబ్బరు గట్టిపడి ఉంటుంది, చెప్పాపెట్టకుండా జారుతుంది. లోపలి అంచు కూడా వేలితో తడిమి చూడండి. క్యాంబర్ (చక్రం పైభాగం లోపలికి వాలి ఉండటం) వల్ల అటువైపే ముందు అరుగుతుంది, బయటి నుంచి కనబడదు.

గాలి సంగతి. టైరు వేడెక్కే కొద్దీ, ప్రతి 10 డిగ్రీలకి సుమారు 0.1 బార్ చొప్పున ఒత్తిడి పెరుగుతుంది. 20 డిగ్రీల దగ్గర 1.8 బార్ పెట్టి వెళ్తే, లోపలి గాలి 80 డిగ్రీలకి చేరేసరికి దాదాపు 2.4 చూపిస్తుంది. కాబట్టి గురి పెట్టాల్సింది వేడి మీద ఉన్న ఒత్తిడికి. మీ బండి మాన్యువల్‌లో ట్రాక్ వాడకానికి విడిగా అంకెలుంటే అవే ప్రమాణం. లేకపోతే రోడ్డుకి చెప్పిన చల్లటి ఒత్తిడితోనే బయలుదేరి, మూడు ల్యాపుల తర్వాత పిట్‌లోకి వచ్చి, ఆగిన నిమిషంలోపే నాలుగూ కొలవండి. మిషెలిన్ కప్ 2, పిరెల్లీ ట్రోఫియో ఆర్ లాంటి, ట్రాక్‌ని కూడా దృష్టిలో పెట్టుకుని చేసిన టైర్లకి వేడి మీద 2.1 నుంచి 2.4 బార్ మధ్య మొదలుపెట్టడం మామూలుగా సరిపోతుంది. ఎక్కువున్నది తీసేయండి. ఒకవైపు మలుపులు ఎక్కువున్న ట్రాకుల్లో ఎడమ, కుడి టైర్లు వేర్వేరుగా వేడెక్కుతాయి, అది చూసి గాబరా పడొద్దు. నైట్రోజనా మామూలు గాలా అన్న చర్చతో కాలం వృథా చేసుకోకండి, మంచి గేజ్ ఒకటి కొనుక్కోండి. వాన పడితే మాత్రం జాగ్రత్త: ఈ టైర్లలో గాడులు తక్కువ, లోతూ తక్కువ, నిలిచిన నీటి మీద తేలిపోతాయి.

చక్రాల బోల్టులు టార్క్ రెంచ్‌తో (బిగింపు బలాన్ని కొలిచే పానాతో) బిగించాలి, మొదటి సెషన్ తర్వాత చక్రాలు చల్లారాక మళ్లీ చూడాలి. మధ్యలో ఒకే నట్టు ఉండే సెంటర్ లాక్ చక్రాలైతే అది మామూలు రెంచ్‌తో అయ్యే పని కాదు. పోర్షే 991 తరం జీటీ3లో అది 600 న్యూటన్ మీటర్లు. దానికి తగ్గ రెంచ్, బండి కదలకుండా బ్రేకు తొక్కి పట్టే రెండో మనిషి ఉండాలి.

మిగతావి త్వరగా. ఇంజిన్ ఆయిల్ మాన్యువల్ చెప్పిన పద్ధతిలోనే చూడండి. డ్రై సంప్ ఇంజిన్లలో (ఆయిల్‌ని ఇంజిన్ అడుగున కాక విడి ట్యాంకులో ఉంచేవాటిలో) చాలావాటికి వేడి మీద, ఇంజిన్ నడుస్తుండగా చూడాలి, చల్లగా ఉన్నప్పుడు చూసి తక్కువుందని పోస్తే ఎక్కువైపోతుంది. ముందు బంపరు గాలి సందుల్లో ఎండుటాకులు, ప్లాస్టిక్ కవర్లు ఇరుక్కుని ఉంటాయి, రేడియేటర్లకి గాలి అందకుండా చేస్తాయి. తీసేయండి. టో హుక్ (బండిని లాగడానికి తగిలించే కొక్కెం) ముందురోజే బిగించి చూసుకోండి. చాలా యూరప్ బళ్లలో దాని మర ఎడమ వైపుకి తిరుగుతుంది, మామూలు దిశలో తిప్పి బలవంతం చేస్తే మర చెడిపోతుంది. పెట్రోలు రోడ్డు లెక్కతో వేసుకోకండి. ట్రాక్ మీద 100 కిలోమీటర్లకి 40 నుంచి 50 లీటర్లు తాగడం వింతేమీ కాదు. ట్యాంకు పావుకి దిగితే పొడవైన మలుపుల్లో పెట్రోలు ఒకపక్కకి జరిగి, పంపుకి అందక ఇంజిన్ తడబడొచ్చు. సగానికి దగ్గర పడగానే నింపేసుకోండి.

హెల్మెట్ ఇంట్లోనే పెట్టుకుని సీట్లో కూర్చుని చూడండి. ఈ బళ్ల కప్పు ఎంత కిందికి ఉంటుందంటే, కాస్త పొడుగైన మనిషి హెల్మెట్ పెట్టుకుంటే మెడ వంచుకునే నడపాల్సి వస్తుంది. కార్ల కోసం చేసినది, అంటే స్నెల్ అనే హెల్మెట్ పరీక్షా సంస్థ ఇచ్చే ఎస్ఏ ముద్ర ఉన్నది తీసుకోండి. అందులో మంటని తట్టుకునే పరీక్ష కూడా ఉంటుంది, మోటార్ సైకిల్ హెల్మెట్ల ఎం ప్రమాణంలో ఉండదు. బండిలో రోల్ బార్ లేకుండా నాలుగు పాయింట్ల బెల్టులు బిగించుకోకండి. కప్పు నలిగితే మామూలు బెల్టులో మనిషి పక్కకి ఒరగగలడు, ఇందులో ఒరగలేడు. ఓపెన్ టాప్ బండైతే నిర్వాహకులు ఒప్పుకుంటారో లేదో ముందే అడగండి.

కాగితాల్లో రెండు చూసుకోండి. మామూలు ఇన్సూరెన్స్ పాలసీల్లో ట్రాక్ వాడకానికి సాధారణంగా కవరు ఉండదు, ట్రాక్ డే కోసం విడిగా తీసుకోవాలి. ఏ నష్టం మీ జేబులోంచి పోతుందో, ట్రాక్ గోడకి, రెయిలింగ్‌కి జరిగిన నష్టం అందులో ఉందో లేదో చదవండి. రెండోది శబ్దం హద్దు. ఎగ్జాస్ట్ గొట్టానికి అర మీటరు దూరంలో, 45 డిగ్రీల కోణంలో శబ్దం కొలిచే పరికరం పెట్టి సాధారణంగా కొలుస్తారు. వాల్వులున్న ఎగ్జాస్ట్ స్పోర్ట్ మోడ్‌లో పెద్దగా అరుస్తుంది. అందులో తప్పితే మీ రోజు పొద్దున్నే అయిపోతుంది.

ట్రాక్షన్ కంట్రోల్ ఆపాలా? వద్దు. మొదటి రోజు వద్దు, మూడోసారికి కూడా తొందర లేదు. కంపెనీలే మెట్లు కట్టి ఇచ్చాయి, వాటినే వాడండి. ఫెరారీ స్టీరింగ్ మీద మోడ్ మార్చే మీట మానెట్టీనోలో వెట్, స్పోర్ట్, రేస్, ఆ తర్వాతే సీటీ ఆఫ్ (ట్రాక్షన్ కంట్రోల్ ఆపడం), ఈఎస్‌సీ ఆఫ్ (బండి జారి తిరగకుండా చూసే స్టెబిలిటీ కంట్రోల్ కూడా ఆపడం). పొద్దున స్పోర్ట్, చేతికి అలవాటయ్యాక రేస్, అక్కడితో ఆగండి. లంబోర్గినీ హురకాన్‌లో స్ట్రాడా, స్పోర్ట్, కోర్సా ఉంటాయి. పేరు చూసి స్పోర్ట్ మెతక అనుకోకండి, బండి వెనక భాగాన్ని ఆడించేది అదే, కోర్సా అంతకన్నా తిన్నగా వెళ్తుంది. స్ట్రాడాలో ట్రాక్ నేర్చుకుని నేరుగా కోర్సాకి వెళ్లడం మంచిది.

మలుపులోంచి బయటికి వస్తుంటే డ్యాష్‌బోర్డు మీద ఈఎస్‌సీ దీపం మినుకుతోందంటే స్టీరింగ్ ఇంకా తిప్పి ఉండగానే యాక్సిలరేటర్ ఎక్కువ తొక్కుతున్నారని అర్థం. ఆ దీపం వెలగకుండా అదే వేగంతో బయటికి రావడం ఒక రోజుకి సరిపడా పాఠం. ఇంకో కారణం కూడా ఉంది. ఈ వ్యవస్థలు బండిని సరిచేసేది బ్రేకులు పట్టుకునే. మెక్‌లారెన్ 720ఎస్‌లో లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్ (ఒక చక్రమే వృథాగా తిరిగిపోకుండా రెండింటికీ బలం పంచే యంత్రభాగం) లేదు, లోపలి వెనక చక్రానికి బ్రేకు వేసి బండిని తిప్పుతుంది. మోటుగా నడిపితే మీరు తొక్కకపోయినా వెనక ప్యాడ్లు కాగుతూనే ఉంటాయి. ముందు ప్యాడ్లు బాగుండి వెనకవి అరిగిపోయిన బండి కనబడితే కారణం సాధారణంగా డ్రైవరే.

ఇక నడపడం. గంటకు 250 అంటే సెకనుకి దాదాపు 70 మీటర్లు. 90కి తగ్గడానికి మంచి టైర్లతో, పొడి ట్రాక్ మీద 200 మీటర్ల దాకా పడుతుంది. బ్రేకు మొదలుపెట్టే గుర్తుగా కదలని వస్తువుని, దూరం బోర్డునో మార్షల్ పోస్టునో పెట్టుకోండి, ఎదుటి బండి బ్రేకు లైట్లని కాదు. ఇన్‌స్ట్రక్టర్ చూపించిన చోటికి 50 మీటర్ల ముందే మొదలుపెట్టి, ల్యాపుకి కొంచెం చొప్పున దగ్గర చేసుకోండి.

బ్రేకు తొక్కే తీరు రోడ్డుకి తలకిందులు. రోడ్డు మీద మెల్లగా మొదలుపెట్టి చివర్లో గట్టిగా తొక్కుతాం. ఇక్కడ బండి తిన్నగా ఉన్నప్పుడే మొదట గట్టిగా తొక్కాలి, వేగం తగ్గేకొద్దీ వదులుతూ రావాలి, స్టీరింగ్ తిప్పేసరికి పెడల్ మీద కొద్దిపాటి బరువు మాత్రమే ఉండాలి. సందేహంగా, పొడుగ్గా, సగం బలంతో తొక్కేవాళ్లే బ్రేకుల్ని ఎక్కువగా కాల్చేస్తారు, డిస్కుకి చల్లారే వ్యవధి ఇవ్వరు కాబట్టి. ఎడమ కాలితో బ్రేకు తొక్కే ప్రయోగాలు ఇప్పుడొద్దు.

మిడ్-ఇంజిన్ బండి స్వభావం ఇక్కడే తెలుసుకోవాలి. ఫెరారీ 458 ఇటాలియాలో బరువు 42 శాతం ముందు, 58 శాతం వెనక. ఇంజిన్ నడుముకి దగ్గరగా ఉంటుంది కాబట్టి బండి చటుక్కున తిరుగుతుంది. తిరగడం మొదలైతే ఆపడానికి మీకిచ్చే సమయమూ అంతే తక్కువ. మలుపు మధ్యలో భయమేసి యాక్సిలరేటర్ ఒక్కసారిగా వదిలేయకండి. బరువు ముందుకి దూకుతుంది, వెనక టైర్లు తేలికై జారతాయి, బండి గిర్రున తిరుగుతుంది. వేగం ఎక్కువైందనిపిస్తే పెడల్ మీద కాలు కొంచెమే సడలించి, చూపు మలుపు బయటికి పెట్టి, స్టీరింగ్‌ని నిదానంగా సర్దండి. అసలు ఆ పరిస్థితి రాకుండా ఉండాలంటే మలుపులోకి నెమ్మదిగా వెళ్లి బయటికి వేగంగా రావాలి. స్టీరింగ్ ఎంత తిన్నగా అయితే అంత యాక్సిలరేటర్. 720ఎస్ లాంటి టర్బో బళ్లలో తొక్కిన క్షణానికి, టార్క్ వచ్చే క్షణానికి మధ్య చిన్న ఆలస్యం ఉంటుంది. ఆ ఖాళీలో ఇంకా తొక్కితే రెండూ కలిపి ఒకేసారి వస్తాయి. ఒక గేరు ఎక్కువలో మలుపు తీయండి, టార్క్ అంత దూకుడుగా రాదు.

బండి తిరగడం మొదలై చేతికి అందదనిపిస్తే బ్రేకు పూర్తిగా తొక్కి, ఆగేదాకా వదలకండి. సగంలో వదిలితే టైర్లకి పట్టు దొరికి ఏ వైపు చూస్తుంటే ఆ వైపుకి, చాలాసార్లు గోడవైపుకి, దూసుకుపోతుంది. రెండు చక్రాలు గడ్డి మీదికి దిగితే లాగి వెనక్కి తేకండి. స్టీరింగ్ తిన్నగా ఉంచి, వేగం తగ్గించి, తీరిగ్గా ఎక్కండి. ట్రాక్ అంచున ఉండే పొడవాటి గుండ్రటి కర్బులు (గట్లు) మీ బండి ఎత్తుకి కావు, ముందు బంపరు కింద ఉండే పలచటి కార్బన్ స్ప్లిటర్ పగిలేది వాటి మీదే.

ఓవర్‌టేక్ నియమాలు ట్రాక్‌ని బట్టి మారతాయి, పొద్దున బ్రీఫింగ్‌లో చెప్పేది శ్రద్ధగా వినండి. చాలాచోట్ల స్ట్రెయిట్ మీద మాత్రమే, అదీ ముందువాడు సైగ చేసి దారిస్తేనే. ఇక్కడ సూపర్‌కారు వాళ్ల మీద మిగతావాళ్లకి ఒక ఫిర్యాదు ఉంది, న్యాయమైనదే: మలుపుల్లో చిన్న హ్యాచ్‌బ్యాక్‌లకి అడ్డుగా ఉండి, స్ట్రెయిట్ రాగానే పవర్‌తో పారిపోతారు. మీ వెనక ఒక బండి రెండు మలుపులుగా అంటుకునే ఉందంటే అది మీకన్నా వేగమైనది. స్ట్రెయిట్ మీద యాక్సిలరేటర్ వదిలి పంపించండి. జెండాల్లో పసుపు అంటే నెమ్మదించి, ఓవర్‌టేక్ మానాలి. ఎరుపు అంటే సెషన్ ఆగింది, చెప్పిన ప్రకారం నిదానంగా పిట్‌కి రావాలి. పసుపు మీద ఎర్ర చారలంటే ట్రాక్ జారుతోంది. నలుపు మీద నారింజ చుక్క చూపితే మీ బండిలో ఏదో కారుతోంది లేదా వేలాడుతోంది.

ఎన్ని ల్యాపులు? 20 నిమిషాల సెషన్ అంతా నడపాలని లేదు. మొదటి ల్యాపు టైర్లకి, ఆయిల్‌కి వేడెక్కడానికి, తర్వాత నాలుగైదు గట్టిగా, చివరి ల్యాపు పై గేర్లో బ్రేకు దాదాపు ముట్టకుండా. పెడల్ ప్రయాణం పెరిగినా, పెడల్ మెత్తబడినా, ఏ హెచ్చరిక వచ్చినా ఆ ల్యాపు అక్కడితో చల్లార్చే ల్యాపుగా మార్చేయండి. "మళ్లీ గట్టిపడింది కదా" అని కొనసాగించకండి. చల్లారి గట్టిపడిన పెడల్ కింద ఒకసారి మరిగిన ఆయిలే ఉంది, ఆ రోజుకి దాన్ని మళ్లీ బ్లీడ్ చేయించాకే నమ్మాలి. మనిషి కూడా వేడెక్కుతాడు. మధ్యాహ్నం మూడు తర్వాత, అలసటతో, "ఇదే ఆఖరి సెషన్" అనుకుంటూ కొట్టే ల్యాపుల్లోనే గోడలు తగులుతుంటాయి. ఆఖరి సెషన్ మానేసినా ఏమీ పోదు.

పిట్‌లో ఆగాక పార్కింగ్ బ్రేకు వేయకండి, పెడల్ మీద కాలు పెట్టుకుని కూర్చోకండి. కాగిన ప్యాడ్ ఒకేచోట డిస్కుని పట్టుకుంటే ఆ మేర మచ్చపడి తర్వాత బ్రేకు అదురుతుంది. చక్రాలకి అడ్డుచెక్కలు పెట్టండి. కొన్ని బళ్లు ఇంజిన్ ఆపగానే పార్కింగ్ బ్రేకు వాటంతటవే వేసుకుంటాయి, దాన్ని ఆపే పద్ధతి మాన్యువల్‌లో ముందే చూసుకోండి. ఇంజిన్ ఒకటి రెండు నిమిషాలు ఐడిల్‌లో ఉంచి ఆపండి, ఇంజిన్ మూత తెరిచి పెట్టండి. ట్రాక్ మీదికి వెళ్లే వరసలో డ్యూయల్ క్లచ్ బండిని అంగుళం అంగుళం పాకించకండి, క్లచ్ సగం పట్టి కాగుతుంది. ముందు ఖాళీ వదిలి, ఒకేసారి కదిలి, ఆగినప్పుడు న్యూట్రల్‌లో పెట్టండి. ఆగి ఉన్న బండిని పూర్తి బలంతో ఒక్కసారిగా దూకించే లాంచ్ కంట్రోల్ జోలికి అసలు వెళ్లకండి.

సాయంత్రం ఇంటికి బయలుదేరే ముందు టైర్లు చల్లారాక రోడ్డు ఒత్తిడికి గాలి నింపండి. వేడి మీద తీసేసిన గాలి వల్ల అవి ఇప్పుడు బాగా తక్కువలో ఉంటాయి. బోల్టుల టార్క్ మరోసారి చూడండి, టైర్ల పక్క గోడల మీద కోతలు, ఉబ్బులు వెతకండి. పెడల్ పొద్దుటికన్నా లోతుకి వెళ్తుంటే బండిని ట్రక్కు మీద పంపండి. మర్నాడు నాలుగు చక్రాల ప్యాడ్ల మందం, లోపలివీ బయటివీ, కొలిచి ట్రాక్ డేకి ముందు కొలిచిన అంకెల పక్కన రాసుకోండి. ఒక రోజుకి ఎంత అరిగిందో తెలిస్తే రెండో ట్రాక్ డేకి ఇవే ప్యాడ్లు సరిపోతాయో లేదో లెక్క తేలుతుంది. ఆ అంకెలు ఇక్కడ పెడితే వెనకవి ఎక్కువ అరిగాయా, ముందువా అన్నది చూసి తర్వాత ఏం మార్చాలో చెప్పగలను.